కుడితి తొట్టిలో మంచుబొట్లు

తవిటమ్మ ఇంట్లో గేదెని తోలేసి ఆరేళ్లయింది గానీ, దాని కుడితి తొట్టి మాత్రం ఎక్కడికీ పోలేదు. విజయనగరం పెరిగి పెరిగి వాళ్ల వీధిని మింగేశాక చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. గడ్డివాము ఉన్నచోట ఎవరిదో మూడంతస్తుల మేడ లేచింది. మేపడానికి జానెడు గడ్డి దొరక్క గేదెని చెల్లెలి ఊరికి పంపేశారు. పెరడంతా గచ్చు చేయించేటప్పుడు కొడుకు పైడిరాజు తొట్టి కూడా పగలగొట్టిస్తానన్నాడు. "ముందు నా చెయ్యి ఇరగ్గొట్టు, తరవాత తొట్టి" అంది తవిటమ్మ. పైడిరాజు కరెంటు లైన్‌మాన్. ఎంత ఎత్తు స్తంభమైనా ఎక్కుతాడు గానీ తల్లి మాట దాటేంత ధైర్యం లేదు. తొట్టి అలాగే ఉండిపోయింది.

చివరికి ఆ తొట్టి మీద కోడలి కన్ను పడింది.

కోడలు సువర్చల మొక్కల శాస్త్రవేత్త. రోజూ పొద్దున్నే రైలెక్కి విశాఖపట్నంలో ఉన్న పరిశోధనశాలకి వెళ్లి, సాయంత్రానికి వచ్చేస్తుంది. తొలకరి పడిన వారానికి, ఒక ఆదివారం, ఆమె చీర చెంగు బిగించి తొట్టిని కొబ్బరిపీచుతో తోమింది. అడుగున గులకరాళ్లు వేసింది. దానిపైన ఇసుక, ఎర్రమెట్ట మీంచి తెచ్చి జల్లించిన మట్టి, కొబ్బరి పొట్టు కలిపి నింపింది. పైకప్పు మీంచి డ్రమ్ములోకి పట్టిన వాననీళ్లతో తడిపింది. అప్పుడు ఒక ట్రేలోంచి మొక్కలు తీసి నాటడం మొదలుపెట్టింది. ఒక్కోటీ రూపాయి బిళ్లంత ఉంది. నేలకి అతుక్కున్న చిట్టి చిట్టి ఆకులు, ఆకుల నిండా ఎర్రటి నూగు, ప్రతి వెంట్రుక కొసనా మంచుబొట్టు లాంటి జిగురు చుక్క.

తవిటమ్మ నడుం మీద చెయ్యేసుకుని చాలాసేపు చూసింది.

"ఇదేటే, బళ్లెడు ఇసక పోసి రూపాయి కాసంత మొక్కలెట్టినావు? నాలుగు వంగమొక్కలెట్టినా పులుసులోకి వచ్చును కదే."

"ఇవి మనూరి మొక్కలే అత్తమ్మా. వానాకాలంలో ఎర్రమెట్టల మీద ఊటనీరు జారేచోట పుడతాయి. మీరు గేదెల్ని తోలుకెళ్లేటప్పుడు వీటిని తొక్కే ఉంటారు."

"తొక్కినానో ఏటో. ఏటి తింటాయి?"

"దోమల్ని."

"నీ మొహం. మొక్క దోమని తినడమేటే?"

సువర్చల ఒక ఆకు వైపు వేలు చూపించింది. చీమ తలంత ఈగ ఒకటి జిగురు చుక్క మీద వాలి కాళ్లు పీక్కుంటోంది. తవిటమ్మ పది అంకెలు లెక్కపెట్టేలోపే చుట్టూ ఉన్న ఎర్ర వెంట్రుకలు ఒక్కొక్కటీ లోపలికి వంగి ఈగని ఆకు మధ్యకి తోసేశాయి. తవిటమ్మ "అమ్మో అమ్మో" అంటూ చెయ్యి వెనక్కి తీసుకుంది, తన వేలే అంటుకున్నట్టు.

"వీటికి ఎరువెయ్యకూడదు, బోరునీళ్లు పొయ్యకూడదు" అంది సువర్చల. "వాననీళ్లు, అదీ డ్రమ్ములోవే పొయ్యాలి. మట్టిలో తిండి లేదు కాబట్టే ఇవి పురుగుల్ని పడతాయి. వీటికి ఎప్పుడూ కాస్త ఆకలుండాలి."

ఈ చివరి మాట తవిటమ్మకి మింగుడుపడలేదు. ఆ ఇంట్లో ఆకలితో ఉంచడం అన్నది ఆవిడ కాపురానికి వచ్చాక ఎప్పుడూ జరగలేదు. పేడకళ్లెత్తే పైడమ్మ దగ్గర్నుంచి గోడ మీద పిల్లి దాకా తిన్నాకే ఆవిడ పళ్లెం ముందు కూర్చునేది. కానీ కోడలు చదువుకున్నది, ఏదో లెక్క ఉంటుందిలే అని ఊరుకుంది.

ఆ లెక్క పేరు నీలవేణి.

నీలవేణి సువర్చల కూతురు. తొమ్మిదేళ్లది, నాలుగో తరగతి. పదిమందిలో కూర్చున్నా దోమ ఆ పిల్లనే వెతుక్కుంటూ వస్తుంది. "నీలి పక్కన కూర్చుంటే దోమల చక్రం ఖర్చు మిగుల్తుంది" అని పైడిరాజు వేళాకోళం చేసేవాడు. రెండేళ్ల కిందట నీలికి డెంగీ వచ్చి వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నాక ఇంట్లో ఆ వేళాకోళం ఆగిపోయింది. "రెండోసారి వస్తే మొదటిసారి కంటే గట్టిగా రావచ్చు. పిల్లని జాగ్రత్తగా చూసుకోండి" అన్నాడు డాక్టరు. అప్పటి నుంచి ఇంటి కిటికీలన్నిటికీ వల బిగించారు. నీలి బడికి నిండు చేతుల చొక్కాతో వెళ్లి, రాగానే లోపలికొచ్చి తలుపేసుకోవాలి. వీధిలో పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతుంటే వల కన్నాల్లోంచి చూడటమే దాని ఆట.

సువర్చల మాత్రం ఊరుకోలేదు. కూతురు విప్పిన మేజోళ్లు ఉతక్కుండా సంచిలో వేసుకుని రైలెక్కేది. పెట్టెలో ఉన్నవాళ్లు ముక్కు మూసుకున్నా పట్టించుకునేది కాదు. ఆ చెమటలో దోమకి నచ్చే వాసనలేవో విడదీసింది. వాటిని తయారుచేసుకునే విద్యని ఎర్రమెట్ట మొక్కకి నేర్పింది. రెండేళ్లు పట్టింది. ఇప్పుడు ఆ మొక్క పొద్దునా సాయంత్రమూ నీలి వాసన వదులుతుంది. దోమ పిల్ల కోసమని వస్తుంది, జిగురు మీద వాలుతుంది. అక్కడితో దాని కథ సరి.

ఇంతవరకూ బాగానే ఉంది గానీ, వాసన చాలడం లేదు. అరచేతిలో పట్టేంత చిన్న యంత్రం ఒకటి తెచ్చి సువర్చల తొట్టి మీద పెట్టి చూస్తే పదకొండు అని చూపించేది. కనీసం నలభై ఉంటే తప్ప దోమ పిల్లని వదిలి మొక్క దగ్గరికి రాదు. నెలాఖరున పెద్దల కమిటీ కూర్చుని ఈ పని కొనసాగించాలో మూసెయ్యాలో తేలుస్తుంది. పరిశోధనశాలలో ఉన్న మొక్కలదీ ఇదే అవస్థ.

తవిటమ్మకి ఈ వాసన సంగతి ఎవరూ చెప్పలేదు. ఒక సాయంత్రం తొట్టి పక్కన ఎండిన బట్టలు తీస్తూ వంగేసరికి ముక్కుకి తగిలింది. బడి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చిన పిల్ల ఒళ్లో తల పెట్టుకుంటే వచ్చే వాసన అది. కొబ్బరినూనె కాదు, సబ్బు కాదు, నీలి. ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. పిల్ల లోపల ఎక్కాలు చదువుకుంటోంది. మళ్లీ వంగి మూచూసింది.

సువర్చల వచ్చాక అడిగితే అంతా చెప్పింది. తవిటమ్మ తీసిన బట్టలు మడతపెడుతూ వింది. తరవాత తనలో తాను అనుకున్నట్టు అంది: "నాకు ముందు పుట్టినోళ్లు ముగ్గురూ పురిట్లోనే పోనారంట. నాను పుట్టగానే మాయమ్మ నన్ను సేటలో ఎట్టి, పక్కింటామెకి సేరెడు తవుడుకి అమ్మేసినట్టు సేసిందంట. ఈ పిల్ల మాది కాదు, తవుడుకిచ్చేసినాం అని సెప్తే మృత్యువు మోసపోద్దంట. అందుకే నా పేరు తవిటమ్మ."

"తెలుసు అత్తమ్మా, చెప్పారు."

"మోసపోనాది మరి. అరవైరెండేళ్లొచ్చినా రానేదు" అని నవ్వి లోపలికెళ్లిపోయింది. నవ్విందే గానీ, ఆ రాత్రి అన్నం సయించలేదు. నీలి వాసన వస్తున్న మొక్క తొట్టిలో ఆకలితో ఉందన్న మాట ఆవిడని వదల్లేదు.

ఇలాంటి మనిషి చేతిలో కుడితి తొట్టి పెడితే ఏమవుతుంది? ముప్పై ఏళ్ల అలవాటు. పొద్దున్నే బియ్యం కడిగి ఆ నీళ్లు గిన్నెతో సహా తీసుకెళ్లి తొట్టిలో పొయ్యడం. మొదటిసారి చెయ్యి దానంతట అదే పోసేసింది. పోశాక "అయ్యో" అని నాలిక కరుచుకుంది. మర్నాడు భయపడుతూ వెళ్లి చూస్తే మొక్కలు చావలేదు సరిగదా, ఆకులు కాస్త విప్పుకుని ఉన్నాయి. రెండోరోజు చెయ్యి కాదు, మనసే పోసింది. మూడోరోజు అందులో గుప్పెడు తవుడు కూడా కలిసింది. కోడలు రైలెక్కాకే ఈ పని. దొంగతనంగా మనవరాలికి బెల్లంముక్క పెట్టే మామ్మలందరికీ ఈ విద్య తెలుసు.

"తిను తల్లీ, తిను" అనేది పోస్తూ.

వారం తిరిగేసరికి మొక్కలు బిళ్లంతవి తమలపాకంత అయ్యాయి. సువర్చల యంత్రం పెట్టి చూసి నమ్మలేక రెండోసారి పెట్టింది. యాభైరెండు. తొట్టి అంచు మీదే కూలబడి నవ్వింది, కళ్లు తుడుచుకుంది. పెళ్లయిన పన్నెండేళ్లలో కోడలు అంతగా నవ్వడం తవిటమ్మ చూడలేదు. అప్పుడే చెప్పెయ్యాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. ఆ నవ్వు చూసి, చెప్తే ఎక్కడ ఆగిపోతుందోనని మింగేసింది. ఇదే ఆవిడ చేసిన అసలు తప్పు. బియ్యం కడిగిన నీళ్లు పొయ్యడం దీని ముందు ఎంత!

మర్నాడే సువర్చల కమిటీ పనుల మీద పదిరోజులకి విశాఖ వెళ్లింది. అక్కడే హాస్టల్లో ఉంటుంది. వెళ్తూ భూతద్దం అత్తగారి చేతికిచ్చింది. రోజూ సాయంత్రం ఎన్ని దోమలు అంటుకున్నాయో తవిటమ్మ లెక్కపెట్టాలి, వంటింటి వల తలుపు లోపలినుంచి నీలి నోటుబుక్కులో రాసి, తను వచ్చాక చూపించాలి.

"మామ్మా, ఎన్ని?"

"పద్నాలుగు."

తర్వాతి రోజు పదకొండు. ఆ తర్వాత ఆరు. ఆ తర్వాత రెండు. ఆకుల మీద మంచుబొట్లు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. ఎర్రనూగు పచ్చబడుతోంది. ఆకులు మాత్రం నిగనిగలాడుతున్నాయి.

"ఇయాళ?" అంది నీలి.

"ఒకటీ నేదు."

"అయ్యో. ఎందుకు మామ్మా?"

"పొట్ట నిండినోడు మళ్లీ తింటాడేటే? నిండింది, ఊరుకుంది" అంది తవిటమ్మ తృప్తిగా.

తప్పు ఎక్కడుందో అప్పటికీ ఆవిడకి తోచలేదు. ఆకలి తీరిన మొక్క జిగురు మానేసింది గానీ వాసన మానలేదు. బలం పట్టి ఇంకా ఎక్కువ వదిలింది. వీధిలో ఉన్న దోమంతా ఆ వాసన పట్టుకుని ఆ పెరట్లోకి వచ్చింది. వచ్చిందాన్ని పట్టేవాళ్లు లేరు. గోడల మీద, తీగ మీద, ఆరేసిన చీరల మడతల్లో కూర్చుంది. వానాకాలం కదా, దోమలుండవా అనుకుంది తవిటమ్మ. వల తలుపు తీసి లోపలికి వెళ్లినప్పుడల్లా చీర మడతల్లో రెండో మూడో ఆవిడతోపాటే ఇంట్లోకి వెళ్లాయి.

సువర్చల వెళ్లిన తొమ్మిదో రోజున నీలి బడి నుంచి వచ్చి సంచీ కింద పడేసి, "మామ్మా, కళ్ల వెనకాల నొప్పి" అంది.

ఆ మాట తవిటమ్మ రెండేళ్ల కిందట విన్నదే. చెయ్యి వేసి చూస్తే నుదురు కాలిపోతోంది. పైడిరాజు స్తంభం మీంచి దిగినవాడు దిగినట్టే పరుగెత్తుకొచ్చాడు. ఆసుపత్రిలో రక్తం తీశారు. డెంగీ అన్నారు.

రాత్రి రైలుకి సువర్చల వచ్చింది. నేరుగా ఆసుపత్రికి వచ్చి, మంచం పక్కన కూర్చుని కూతురి అరికాలు పట్టుకుంది. తవిటమ్మ వరండాలో బల్ల మీద, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుని ఉంది. సువర్చల మందుల చీటీతో బయటికి రాగానే ఆవిడ లేచి నిలబడింది.

"సువర్చలా, తొట్టిలో బియ్యం కడుగునీళ్లు పోసినాను."

సువర్చల ఆగిపోయింది. "ఎప్పుడు?"

"నువ్వు మొక్కలెట్టిన వారం నుంచీ. రోజూ. తవుడు కూడా ఏసినాను."

"పొయ్యొద్దని చెప్పాను కదా."

"సెప్పినావు."

"మరి ఎందుకు పోశారు?"

"దానికాడ మన నీలిగుంట వాసనొస్తంది. గుంట వాసనొచ్చేదాన్ని ఆకలితో ఎలగ ఉంచను? నా సేతులాడనేదు." అని ఆవిడ ఏడ్చేసింది. "కొట్టు నన్ను. తిట్టు. ఏదో ఒకటి సెయ్యి."

సువర్చల కొట్టలేదు, తిట్టలేదు. చీటీ పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. నాలుగైదు రోజులు అత్తగారితో మాట్లాడలేదు. తవిటమ్మ జావ కాచి తెస్తే క్యారేజీ అందుకునేది గానీ ముఖం చూసేది కాదు. ఆ మౌనం కన్నా నాలుగు దెబ్బలు నయమనిపించింది తవిటమ్మకి. పైడిరాజు ఇద్దరి మధ్యా నిలబడి మంచినీళ్ల సీసా అటూ ఇటూ అందించడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాడు.

జ్వరం తగ్గిన రోజే అసలు భయం అన్నాడు డాక్టరు. నిజంగానే ఆ రోజు ప్లేట్‌లెట్లు నలభై వేలకి దిగాయి. పిల్ల చిగుళ్ల దగ్గర ఎర్రగా కనిపించింది. నర్సు గంటకోసారి వచ్చి వేలు నొక్కి చూస్తోంది. తవిటమ్మ వరండాలోంచి కదల్లేదు. ఏ దేవుడికీ మొక్కుకోలేదు, మొక్కడానికి నోరు రాలేదు. మర్నాడు పొద్దున యాభై ఐదు వేలు అన్నారు. సాయంత్రానికి తొంభై. నీలి కళ్లు తెరిచి, "నాకు ఇడ్లీ కావాలి, గుడ్డు వద్దు" అంది.

అప్పుడొచ్చి సువర్చల బల్ల మీద అత్తగారి పక్కన కూర్చుంది.

"నాకు మీ మీద కోపం పోలేదు" అంది.

"పోవద్దు" అంది తవిటమ్మ.

"నా మీద కూడా పోలేదు. యాభైరెండు రాగానే ఎగిరి గంతేశాను. ఎందుకొచ్చిందో చూడలేదు. చూసి ఉంటే ఆ మట్టి వాసనకే తెలిసిపోయేది. అసలు ఆ మొక్కల్ని ఇంకో ఏడాది వల గదిలోనే ఉంచాల్సింది. ఈ వానాకాలమే నీలి బయట ఆడుకోవాలని తొందరపడి ఇంటికి తెచ్చాను. వాటికి ఆకలుండాలి అని మీకు చెప్పి ఊరుకున్నాను. ఆకలి తీరితే ఏమవుతుందో చెప్పలేదు."

"నీ మొక్కా నా పేరూ ఒకటేనే" అంది తవిటమ్మ. "మృత్యువొచ్చి పిల్లేది అంటే, ఇదిగో అని ఇంకోదాన్ని సూపించడం. నాకది తెలిసుండి కూడా, సూపించినదాన్ని పిల్లే అనుకున్నాను. మాయమ్మ తవుడుని తవుడే అనుకుంది, నన్ను నన్నే అనుకుంది. అంతే తేడా."

సువర్చల అత్తగారి వైపు తిరిగి చూసింది. రెండేళ్లుగా కమిటీ ముందు యాభై పేజీల్లో చెప్పలేకపోయిన మాట ఈవిడ చెప్పింది అనుకుంది. ఆసుపత్రికి వచ్చాక మొదటిసారి చెయ్యి చాపి ఆవిడ మోకాలి మీద వేసింది.

ఇంటికి రాగానే తొట్టి మీద వల కప్పి, మొక్కలన్నిటినీ మరిగే నీళ్లు పోసి చంపాలని సువర్చల అంది. ఆ పని తనకివ్వమంది తవిటమ్మ. గుండిగ నిండా నీళ్లు కాచి, మూతిగుడ్డ కట్టుకుని, ఒక్కో చెంబూ తొట్టిలో పోసింది. ఆవిరితో పాటు నీలి వాసన ఒక్కసారి గుప్పుమని లేచింది. అయినా ఆవిడ ఆగలేదు. గుండిగ ఖాళీ అయ్యాక గచ్చు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. కమిటీకి సువర్చల జరిగింది జరిగినట్టు రాసి పంపింది. పనిని ఆరునెలలు ఆపేశారు.

రెండు రోజుల తరవాత తవిటమ్మ వంటింట్లో పోపు వెయ్యబోతూ ఆగింది. నీలి వాసన. పిల్లేమో పడగ్గదిలో నిద్రపోతోంది. తొట్టి చూస్తే చల్లారిన మట్టి. ఆవిడ ముక్కు లాక్కెళ్లినచోటికల్లా వెళ్లింది. వాసన వంటింటి కిటికీ దగ్గర ఆగింది. వల అవతల, కిటికీ గట్టు మీద, రెక్క చాటున అరచెక్క కొబ్బరి చిప్ప. అందులో ఒకే ఒక్క మొక్క. మొక్కలు నాటిన రోజు నీలి అడిగితే సువర్చల ఇచ్చింది, ఇచ్చి మరిచిపోయింది.

"సువర్చలా! ఇటు రాయే!"

మొక్క అరచేతిలో సగం ఉంది. ఆకులు ఎర్రగా, ప్రతి వెంట్రుక కొసనా బొట్టు. దోమలు అంటుకుని ఉన్నాయి. తవిటమ్మ అలవాటుగా లెక్కపెట్టింది, పదిహేడు. సువర్చల యంత్రం తెచ్చి పెట్టింది. నలభై తొమ్మిది. వాసన ఉంది, జిగురూ ఉంది.

"దీనికి కూడా పోశారా?"

"ఒట్టు. ఇది ఉందనే నాకు తెలీదు."

అప్పుడు వలలో, కిటికీ గట్టుకి సరిగ్గా ఎదురుగా, పెన్సిలు పట్టేంత కన్నం ఒకటి కనిపించింది. ఇద్దరూ ఒకేసారి పడగ్గది వైపు చూశారు. నిద్రపోతున్న నీలి ఒక కన్ను తెరిచింది.

"నాకు పచ్చసొన పడదు కదా" అంది పిల్ల, దుప్పటి ముక్కుదాకా లాక్కుని. "రోజూ కొంచెం పుల్లతో దాని ఆకు మీద పెట్టేదాన్ని. అది ఇష్టంగా తినేది. తిడతావా?"

సువర్చల తిట్టలేదు. తలుపు పట్టుకుని అక్కడే నిలబడి, తనలో తాను మాట్లాడుకున్నట్టు అంది: "వేరుకి పెడితే వేట మానేసింది. ఆకుకి పెడితే... వేట బాగుందనుకుంది. ఇంకా జిగురు పుట్టించింది, ఇంకా వాసన పుట్టించింది." తరవాత అత్తగారి వైపు తిరిగి గట్టిగా అంది: "అత్తమ్మా, పెట్టొచ్చు! వేరుకి కాదు, ఆకుకి పెట్టాలి. అదీ చిటికెడే."

"ఆ మాట ముందే సెప్పుంటే నానెందుకు కడుగునీళ్లు పోస్తానే?" అంది తవిటమ్మ. అంతలోనే గుర్తొచ్చి పడగ్గదిలోకి వెళ్లి నీలి చెవి మెలేసింది. "వలకి కన్నమెట్టినావు కదే గుంటా! నీకన్నా నానే నయం."

ఆ కన్నం వల్ల వచ్చిందో, తవిటమ్మ చీర మడతల్లో వచ్చిందో, నీలిని కుట్టిన దోమ ఏ దారిన వచ్చిందో ఎవరూ తేల్చలేదు. తేల్చి చేసేదేముంది? పైడిరాజు కన్నానికి గుడ్డ అతికించాడు. వీధివాళ్లెవరూ ఆ తొట్టి గురించి అడక్కముందే సువర్చల గడపగడపకీ వెళ్లి జరిగింది చెప్పింది. ఇద్దరు ముఖం మీదే తలుపేశారు. ఓర్చుకుంది.

మిగిలిన ఆ ఒక్క మొక్క పూసి, ఆవగింజలో పదోవంతు లేని నల్లటి గింజలిచ్చింది. ఈసారి సువర్చల తొందరపడలేదు. ఏడాదిపాటు పరిశోధనశాల వల గదిలోనే పెంచింది. వారానికి రెండు రోజులు తవిటమ్మ కూడా కోడలితో రైలెక్కేది. అక్కడ తెల్లకోటు వేసుకున్న పిల్లలకి పుల్ల ఎలా పట్టాలో, ఆరబెట్టి దంచిన గుడ్డుసొన పొడి ఆకు మీద ఎంత పెట్టాలో చూపించేది. "గోరుముద్దంత కాదు, గోటిలో సగం. దీని ఆకలి సంపకూడదు, ఓదార్చాలి" అని చెప్పేది. ఆ మాట వాళ్లు నోటుబుక్కుల్లో రాసుకున్నారు.

మరుసటి శ్రావణంలో కమిటీ ఒప్పుకుంది. మొదటి విడత పన్నెండు ఇళ్లు, ముందు సువర్చల ఇల్లు. మొక్కల రకానికి ఒక పేరు కావాలని కాగితం వచ్చింది. సువర్చల ఆ గడిలో "తవిటమ్మ" అని రాసింది. ఆవిడకి చూపిస్తే, "సదువుకున్నోళ్లకి పేర్లే కరువా" అని కసిరింది. కసిరి, ఆ కాగితం మడిచి దేవుడి గూట్లో పెట్టింది.

తొట్టిలో కొత్త మట్టి పడింది. మొక్కలు అంటుకుని బొట్లు పెట్టాక, సువర్చల పదిహేను సాయంత్రాలు వరసగా తనే నిండు చేతుల చొక్కాతో పెరట్లో కూర్చుని లెక్కపెట్టింది. దోమలు రావడం, తొట్టి మీద వాలడం, మళ్లీ లేవకపోవడం. పదహారో సాయంత్రం ఆమె వంటింటి వల తలుపు తీసి పట్టుకుంది.

"రా" అంది కూతురితో.

నీలి గడప దగ్గర ఆగింది. మూడేళ్లలో పొద్దు వాలాక ఆ గచ్చు మీద కాలు పెట్టలేదు. సువర్చల మొహం పాలిపోయి ఉంది. పైడిరాజు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తవిటమ్మ తొట్టి పక్కన పీట మీద కూర్చుని భూతద్దం పట్టుకుంది. నీలి చొక్కా చేతులు మోచేతిదాకా మడుచుకుని మెల్లగా వచ్చింది. సుద్దముక్కతో గచ్చు మీద తొక్కుడుబిళ్ల గళ్లు గీసింది. బిళ్ల విసిరింది. గెంతింది.

మూడో గడిలో ఉండగా ఒక దోమ వచ్చింది. నలుగురూ చూశారు, కాళ్ల మీద తెల్ల చారలున్నది. నీలి మోచేతి చుట్టూ ఒకసారి తిరిగింది. సువర్చల ఒక అడుగు ముందుకు వేసింది. తవిటమ్మ చెయ్యి చాపి కోడలి కొంగు పట్టుకుని ఆపింది.

దోమ ఇంకోసారి తిరిగి, పిల్లని వదిలేసి తొట్టి వైపు వచ్చింది. ఎర్రటి ఆకు మీద వాలింది. ఎర్ర వెంట్రుకలు ఒక్కొక్కటే వంగాయి.

తవిటమ్మ భూతద్దం దించి, ఆకు మీదికి వంగి, ఆ వాసన గుండె నిండా పీల్చుకుంది.

"తిను తల్లీ," అంది. "తిను."